నెట్ రాని లాప్‌టాప్: శివారు పొలం నుంచి తూము దాకా

మా మేనల్లుడు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉండగా ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "మామయ్యా, ఉబుంటు మళ్లీ ఎక్కించాను. ఇది రెండోసారి. అయినా నెట్ రావట్లేదు. రేపు పొద్దున్నే ప్రాజెక్టు అప్‌లోడ్ చెయ్యాలి" అన్నాడు. ప్రాజెక్టు ఎక్కడుందిరా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. రెండోసారి ఎక్కించేటప్పుడు డిస్క్ మొత్తం తుడిచేశాడట. నాలుగు నెలల పనిలో స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో ఉన్న సగమే మిగిలింది.

ఫోన్‌లోనే వాడి చేత ఒక్క కమాండ్ కొట్టించాను. తెర మీద వచ్చిన వరుసల్లో "నో క్యారియర్" అన్న మాట ఉందన్నాడు. కేబుల్ అవతలి కొస నుంచి సంకేతమేదీ రావట్లేదని దానర్థం. ఆ మధ్యాహ్నం హాస్టల్లో ఎవరో వైరింగ్ సర్దుతూ వాడి గది తీగను స్విచ్ దగ్గర ఊడదీసి మళ్లీ పెట్టడం మరిచారు. పక్క గది సాకెట్‌లో కేబుల్ గుచ్చగానే నెట్ వచ్చింది. లాప్‌టాప్‌లో మొదటినుంచీ ఏ లోపమూ లేదు. లోపం లేని వస్తువును వాడు రెండుసార్లు విప్పి బిగించాడు, అందులో ఉన్న తన కష్టాన్ని పోగొట్టుకున్నాడు.

వాడికి తెలివి తక్కువై అలా జరగలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదు, గడువు మీద పడింది, కంగారులో చేతికి తెలిసిన పెద్ద పని ఏదో అది చేశాడు. లైనక్స్ వాడేవాళ్లలో ఈ కంగారును నేను చాలాసార్లు చూశాను. అందుకే ఈ అధ్యాయాన్ని వాడికి చెబుతున్నట్టుగానే రాస్తున్నాను.

గోదావరి డెల్టాలో శివారు భూమి రైతుకు నీరందకపోతే పొలాన్ని మళ్లీ దున్నడు. గట్టెక్కి నడక మొదలుపెడతాడు. ముందు తన బోదె చూస్తాడు, తర్వాత పంట కాలువ, ఆ తర్వాత తూము. ఏ చోటిదాకా నీళ్లున్నాయో, ఏ చోటి నుంచి లేవో కళ్లతో చూస్తాడు. ఆ రెండు చోట్ల మధ్యే అడ్డు ఉంటుంది. లాప్‌టాప్‌లో నెట్ వెతకడమూ ఇదే నడక. కార్డు ఉందా, దానికి డ్రైవర్ దొరికిందా, అవతలి కొసతో కలిసిందా, చిరునామా అందిందా, రూటర్ దాకా మాట వెళ్తోందా, రూటర్ దాటి బయటికి వెళ్తోందా, పేర్లు అంకెలుగా మారుతున్నాయా, పేజీ తెరుచుకుంటోందా. ఈ ఎనిమిది ప్రశ్నలను ఇదే వరుసలో అడిగితే అడ్డు ఎక్కడుందో సాధారణంగా పావుగంటలో తేలిపోతుంది. సరిచెయ్యడానికి ఇంకో పూట పట్టవచ్చు, అది వేరే మాట.

నడిచేటప్పుడు ఒక్క నియమం తప్పకూడదు. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చేముందు పాత విలువ కాగితం మీద రాసుకోండి. మూడు చోట్ల మూడు మార్పులు చేశాక నెట్ వస్తే ఏది పనిచేసిందో తెలియదు. రాకపోతే పరిస్థితి ఇంకా చెడ్డది, ఎందుకంటే ఇప్పుడు మొదటి లోపంతోపాటు మీరు తెచ్చిపెట్టినవీ కలిశాయి.

కమాండ్లను ఇక్కడ మనం నోటితో పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాశాను. కీబోర్డు మీద వాటిని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి, మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలాలి.

కేబుల్ ఉన్నవాళ్లు ముందు కేబుల్‌ను చూడండి

టెర్మినల్ తెరిచి "ఐపీ లింక్" అని కొట్టండి. మొదటి వరుసలో "ఎల్ఓ" కనిపిస్తుంది. అది లాప్‌టాప్ తనతో తాను మాట్లాడుకునే దారి, దాని చిరునామా 127.0.0.1. అది ప్రతి లాప్‌టాప్‌లోనూ ఉంటుంది కాబట్టి దాన్ని చూసి నెట్ ఉందనుకోవద్దు. దాని కింద "ఈఎన్‌పీ3ఎస్0", "డబ్ల్యూఎల్‌పీ2ఎస్0" లాంటి పేర్లు ఉంటాయి. ఈఎన్‌తో మొదలైతే కేబుల్ తగిలించే ఈథర్నెట్ కార్డు, డబ్ల్యూఎల్‌తో మొదలైతే వైఫై కార్డు. పీ పక్కన ఉన్నది పీసీఐ బస్ సంఖ్య, ఎస్ పక్కన ఉన్నది స్లాట్ సంఖ్య. పాత పుస్తకాల్లో ఈ చోట "ఈటీహెచ్0", "డబ్ల్యూఎల్ఏఎన్0" అని ఉంటుంది. 2013లో, లైనక్స్ సేవలను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ తెచ్చిన పద్ధతి వల్ల పేర్లు మారాయి. ఎవరో రాసిన కమాండ్‌ను అలాగే దించి కొట్టి, అలాంటి పరికరం లేదన్న జవాబు చూసి కార్డు పోయిందని బెంబేలు పడినవాళ్లు నాకు తెలుసు. మీ తెర మీద ఏ పేరుందో ఆ పేరే వాడండి.

ఈఎన్ వరుసలో "నో క్యారియర్" ఉంటే లాప్‌టాప్ లోపల ఏదీ ముట్టుకోకండి. కేబుల్ గుచ్చే చోట చిన్న దీపాలుంటే అవి వెలుగుతున్నాయేమో చూడండి. కేబుల్ కొసన ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగితే కేబుల్ సాకెట్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది గాని లోపల తగలదు. టక్కుమని చప్పుడు వచ్చేదాకా నొక్కండి. పనిచేస్తున్న వేరే కేబుల్ పెట్టి చూడండి, రూటర్ వెనక వేరే రంధ్రంలో పెట్టి చూడండి. ఈ రెండు మార్పిళ్లతోనే చాలా కేసులు తేలిపోతాయి. అదే వరుసలో "లోయర్ అప్" అన్న మాట కనిపిస్తే తీగ కలిసిందని అర్థం.

తీగ కలిసినా నెట్ నెమ్మదిగా ఉంటే "ఎథ్‌టూల్" అని కొట్టి పక్కన కార్డు పేరు ఇవ్వండి. స్పీడ్ అన్న చోట 1000 ఉండాల్సింది 100 అని ఉంటే కేబుల్‌ను అనుమానించాలి. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని 8 తీగలూ కావాలి. 100 మెగాబిట్ల వేగానికి 1, 2, 3, 6 స్థానాల్లోని నాలుగు తీగలు చాలు. మిగిలిన నాలుగింటిలో ఒకటి తెగినా రెండు కొసలూ కిందికి దిగి 100 దగ్గర ఒప్పందం చేసుకుంటాయి, నెట్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అందుకే ఈ లోపం నెలల తరబడి ఎవరి కంటా పడదు. రాగి కేబుల్ పొడవుకు 100 మీటర్ల హద్దు కూడా ఉంది. కింది అంతస్తు నుంచి మేడ మీదికి చుట్టూ తిప్పి లాగినవాళ్లు ఒకసారి లెక్క వేసుకోండి.

ఇక్కడే ఇంకొకటి చూడండి. ఇంటికి వచ్చేది ఫైబర్ అయితే, గోడకున్న ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ అని రాసిన దీపం ఎర్రగా వెలుగుతోందేమో గమనించండి. అది వెలిగితే ఫైబర్ తీగలో వెలుతురు రావట్లేదు. వీధిలో ఎక్కడో తెగి ఉండవచ్చు, డబ్బా దగ్గరే ఒంగి ఉండవచ్చు. కేబుల్ ఆఫీసుకు ఫోన్ చెయ్యడం తప్ప లాప్‌టాప్‌లో చేసేదేమీ లేదు.

వైఫై కనిపించనే కనిపించకపోతే

లైనక్స్‌లో అసలు కష్టం ఇక్కడుంది, దాచాల్సిన పని లేదు. విండోస్ లాప్‌టాప్‌కు కావలసిన డ్రైవర్లన్నీ తయారీదారులే ఎక్కించి అమ్ముతారు. లైనక్స్‌ను మనమే ఎక్కించుకుంటాం, కాబట్టి కార్డుకూ లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌కూ పొత్తు కుదిరిందో లేదో మనమే చూసుకోవాలి. మంచి సంగతి ఏమిటంటే, ఎక్కువ కార్డులకు డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది.

ముందు "ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్" కొట్టండి. ప్రతి రేడియో కింద రెండు వరుసలుంటాయి. "సాఫ్ట్ బ్లాక్డ్" దగ్గర యెస్ అని ఉంటే సాఫ్ట్‌వేర్ ఆపింది. "ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై" అంటే విడిపోతుంది. "హార్డ్ బ్లాక్డ్" దగ్గర యెస్ అని ఉంటే ఆపింది యంత్రమే. లాప్‌టాప్ అంచున చిన్న జరుపుడు స్విచ్ ఉందేమో, పై వరుస కీలలో విమానం బొమ్మ ఉన్న కీ ఉందేమో వెతకండి. పిల్లలు ఆడుకున్న లాప్‌టాప్‌లలో ఆ కీ నొక్కుకుపోవడం మామూలే.

అక్కడ అడ్డు లేకపోతే "ఎల్ఎస్‌పీసీఐ" అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి దానికి ఆనించి "కె" అనండి. లాప్‌టాప్‌లో ఉన్న చిప్పులన్నీ వరుసగా వస్తాయి. "నెట్‌వర్క్ కంట్రోలర్" అన్న వరుస దగ్గర ఆగండి. అక్కడ ఇంటెల్, రియల్‌టెక్, బ్రాడ్‌కామ్, క్వాల్‌కామ్ ఎథెరాస్ లాంటి పేరు, మోడల్ సంఖ్య ఉంటాయి. దాని కిందే "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న వరుస ఉంటే కార్డుకు డ్రైవర్ దొరికినట్టే. కార్డు పేరుండి ఆ వరుస లేకపోతే డ్రైవర్ లేదు. కార్డు పేరే లేకపోతే రెండు అవకాశాలున్నాయి. అది యూఎస్‌బీ మీద కూర్చున్న కార్డు కావచ్చు, దాన్ని "ఎల్ఎస్‌యూఎస్‌బీ"తో చూడాలి. లేదా బయోస్‌లో ఆపేసి ఉండవచ్చు, కార్డు వదులై ఉండవచ్చు.

డ్రైవర్ ఉన్నా వైఫై రాకపోవడానికి పెద్ద కారణం ఫర్మ్‌వేర్. వైఫై చిప్ లోపల దానిదైన చిన్న కంప్యూటర్ ఉంటుంది. లాప్‌టాప్ ఆన్ అయినప్పుడల్లా దాని ప్రోగ్రామ్‌ను డ్రైవర్ దానికి అందించాలి. ఆ ఫైలే ఫర్మ్‌వేర్, అది లిబ్ డైరెక్టరీలోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఫైలు దొరక్కపోతే కెర్నల్ ఆ సంగతి రాసి పెడుతుంది. డి, ఎం, ఈ, ఎస్, జి అన్న ఐదు అక్షరాల కమాండ్‌ను సుడోతో, అంటే ముందు సుడో అన్న మాట చేర్చి, కొట్టి, వచ్చినదాంట్లో ఫర్మ్‌వేర్ అన్న మాట వెతకండి. లోడ్ కాలేదన్న వరుస, కావలసిన ఫైలు పేరుతో సహా అక్కడ ఉంటుంది. డెబియన్ చాలా ఏళ్లు స్వేచ్ఛాయుతం కాని ఫర్మ్‌వేర్‌ను తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. సభ్యులు 2022లో ఓటు వేసి ఆ నియమం మార్చారు, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. డెబియన్ 11 లేదా అంతకు ముందుది వాడుతూ వైఫై రావట్లేదంటే నా మొదటి అనుమానం దీని మీదే.

చిప్ కొత్తదై కెర్నల్ పాతదైనా ఇదే కథ. ఇంటెల్ ఏఎక్స్210 కార్డుకు 5.10 లేదా ఆపై కెర్నల్ కావాలి. "యూనేమ్ అడ్డగీత ఆర్" కొడితే మీ కెర్నల్ సంఖ్య వస్తుంది. ఇలాంటి చోట డ్రైవర్ కోసం ఊరంతా వెతక్కుండా కొత్త విడుదల ఎక్కించడమే దగ్గరి దారి. ఎంచుకునే అవకాశం ఉంటే నేను లైనక్స్ కోసం ఇంటెల్ వైఫై ఉన్న లాప్‌టాప్ కొనమంటాను. బ్రాడ్‌కామ్ పాత చిప్పులకూ రియల్‌టెక్‌లో కొన్నిటికీ బయటి డ్రైవర్ కావాలి. ఉబుంటులో "అడిషనల్ డ్రైవర్స్" అన్న కిటికీ తెరిస్తే బ్రాడ్‌కామ్‌కు కావలసినది అదే సూచిస్తుంది.

బయటి డ్రైవర్‌తో వచ్చే చిక్కులు రెండున్నాయి, రెండూ ముందే తెలిసి ఉండాలి. కెర్నల్ మారినప్పుడల్లా ఆ డ్రైవర్‌ను మళ్లీ కట్టాలి. డీకేఎంఎస్ అన్న ఏర్పాటు ఆ పని తానే చేస్తుంది గాని ఒక్కోసారి కుదరదు. నిన్న రాత్రిదాకా పనిచేసిన వైఫై అప్‌డేట్ తర్వాత పొద్దున పోయిందంటే, రీస్టార్ట్ చేసి గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చెయ్యండి. అక్కడ వైఫై వస్తే కారణం తేలిపోయింది, నెట్ కూడా చేతిలో ఉంది. రెండో చిక్కు సెక్యూర్ బూట్. సంతకం లేని డ్రైవర్‌ను అది లోపలికి రానివ్వదు. తాళం చెవిని సేవ తిరస్కరించింది అన్న అర్థంలో ఇంగ్లీషు సందేశం వస్తే దోషం డ్రైవర్‌ది కాదు. డ్రైవర్ ఎక్కించేటప్పుడు అడిగిన పాస్‌వర్డ్‌ను, రీస్టార్ట్‌లో వచ్చే నీలి తెర మీద మళ్లీ ఇచ్చి ఆ చెవిని నమోదు చెయ్యాలి. చాలామంది ఆ నీలి తెరను చూసి భయపడి ముందుకు దాటేస్తారు. అక్కడే దెబ్బతింటారు.

పక్కనే విండోస్ కూడా ఉన్న లాప్‌టాప్ అయితే, విండోస్‌లోని "ఫాస్ట్ స్టార్టప్"ను తీసేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, కొన్ని కార్డులు లైనక్స్‌కు స్పందించవు.

డ్రైవర్ కోసం నెట్ కావాలి, నెట్ కోసం డ్రైవర్ కావాలి, ఎలా అని అడుగుతారు. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో "యూఎస్‌బీ టెథరింగ్" ఆన్ చెయ్యండి. లైనక్స్ దాన్ని కేబుల్ కనెక్షన్‌గా గుర్తిస్తుంది, సాధారణంగా ఏ డ్రైవరూ ఎక్కించాల్సిన పని ఉండదు. ఫోన్ ఇంటి వైఫైకి కలిసి ఉంటే చాలా ఫోన్లలో ఆ వైఫైనే పంచుతుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. మా మేనల్లుడికి ఆ రాత్రి ఈ ఒక్క సంగతి తెలిసి ఉన్నా రెండోసారి డిస్క్ తుడిచేవాడు కాదు.

కలిసింది గాని నెట్ లేదు

గుర్తు వెలుగుతుంది, వైఫై పేరు కనిపిస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఇప్పుడు కాలువ గట్టు మీద ఇంకాస్త ముందుకు నడవాలి.

"ఐపీ ఎ" అని కొట్టి మీ కార్డు కింద "ఐనెట్" అన్న వరుస చూడండి. ఇళ్లలో సాధారణంగా 192.168తో గాని 10తో గాని మొదలయ్యే చిరునామా ఉండాలి. ఈ చిరునామాను రూటర్ డీహెచ్‌సీపీ అన్న పద్ధతిలో ఇస్తుంది. లాప్‌టాప్ ఎవరైనా ఉన్నారా అని కేకేస్తుంది, రూటర్ ఇదిగో ఒక చిరునామా అంటుంది, లాప్‌టాప్ అదే కావాలంటుంది, రూటర్ సరే అంటుంది. ఈ నాలుగు మాటల్లో ఒకటి తప్పినా చిరునామా రాదు. లైనక్స్‌లో కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా 45 సెకన్లు ఎదురుచూసి విరమించుకుంటుంది. 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే రూటర్ పలకలేదని, లాప్‌టాప్ తనకు తానే ఒక అంకె పెట్టుకుందని అర్థం. రూటర్‌ను ఆపి ఒక నిమిషం ఆగి వెలిగించండి. ఇదే వైఫై మీద ఫోన్‌కూ చిరునామా రాకపోతే తప్పు లాప్‌టాప్‌ది కాదు.

మన ఊళ్లలో దీనికి మరో కారణముంది. కొందరు కేబుల్ ఆపరేటర్లు మొదట కలిపిన పరికరం మ్యాక్ అడ్రస్‌ను, అంటే దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యను, తమ దగ్గర నమోదు చేసి దానికే నెట్ ఇస్తారు. రూటర్ తీసేసి ఆ తీగను నేరుగా లాప్‌టాప్‌కు పెడితే కలిసినట్టే ఉంటుంది, చిరునామా రాదు. ఆపరేటర్‌కు కొత్త మ్యాక్ చెప్పడం మర్యాదైన దారి. ఆ తీగకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పీపీపీఓఈ కనెక్షన్ కూడా కావలసి ఉండవచ్చు, అదీ అప్పుడే అడగండి.

చిరునామా ఉంటే "ఐపీ రూట్" కొట్టండి. "డిఫాల్ట్ వయా" అన్న మాటల పక్కన ఉన్న అంకె మీ రూటర్ చిరునామా, చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1. ఈ వరుసే లేకపోతే లాప్‌టాప్‌కు ఇంటి గడప ఎటుందో తెలియదు. వీపీఎన్ వాడి ఆపినవాళ్లకు ఇది ఒక్కోసారి జరుగుతుంది. కనెక్షన్ ఆపి మళ్లీ కలపడం చాలు.

"డిఫాల్ట్ వయా" వరుసలు రెండుంటే మెట్రిక్ అన్న అంకె చూడండి. నెట్‌వర్క్ మేనేజర్ కేబుల్‌కు 100, వైఫైకి 600 ఇస్తుంది. తక్కువ అంకె ఉన్న దారికే లాప్‌టాప్ మొగ్గుతుంది. ప్రింటర్ కోసమో టీవీ కోసమో నెట్ లేని కేబుల్ ఒకటి గుచ్చితే, పక్కన చక్కటి వైఫై ఉన్నా పేజీలు ఆగిపోవచ్చు. మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో ఇంటి నుంచి పనిచేస్తూ మూడు రోజులు దీనితో సతమతమైంది. ఆఫీసు ఇచ్చిన డాక్‌కు వెనక ఎక్కడికీ వెళ్లని ఒక కేబుల్ తగిలి ఉంది. కేబుల్ లాగేయగానే అన్నీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు పింగ్. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఈ చిన్న ప్రోగ్రామ్ రాశాడు, జలాంతర్గాముల సోనార్ చప్పుడు మీద దానికి పేరు పెట్టాడు. నలభై ఏళ్లు దాటినా దీనికి మించిన పనిముట్టు నాకు కనిపించలేదు. ముందు రూటర్ అంకెకు పింగ్ చెయ్యండి. జవాబు వస్తే గడప దాకా బాగుంది. తర్వాత 8.8.8.8 కు గాని 1.1.1.1 కు గాని చెయ్యండి. జవాబు వస్తే ఊరు దాటి వెళ్తోంది. ఆఖరుకు ఒక వెబ్‌సైట్ పేరుకు చెయ్యండి. అంకెకు జవాబు వచ్చి పేరుకు రాకపోతే సమస్య డీఎన్ఎస్‌ది, అంటే పేర్లను అంకెలుగా మార్చే చోట. కొన్ని ఆఫీసులూ కాలేజీలూ పింగ్‌ను కావాలనే ఆపుతాయి కాబట్టి అక్కడ జవాబు రాలేదని తొందరపడి తీర్పు చెప్పకండి.

డీఎన్ఎస్ కోసం "రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్" చూడండి. ఈటీసీ ఫోల్డర్‌లోని రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచి 127.0.0.53 ను చూసి తప్పనుకునేవాళ్లున్నారు. అది తప్పు కాదు, ఉబుంటులో సిస్టమ్‌డీ రిజాల్వ్డ్ కూర్చునే చోటు. ఆ ఫైలును చేత్తో మార్చినా చాలా చోట్ల మళ్లీ పాతదే వచ్చి కూర్చుంటుంది. సెట్టింగ్స్‌లో ఆ వైఫై పక్కనున్న చక్రం గుర్తు నొక్కి, ఐపీవీ4 పేజీలో డీఎన్ఎస్ అంకె మార్చి, కనెక్షన్ ఆపి కలపండి. పని కాకపోతే పాతదే తిరిగి పెట్టండి. మరిచిపోయి వదిలేసిన డీఎన్ఎస్ అంకె హోటల్లో, రైల్వే స్టేషన్లో, హాస్టల్లో లాగిన్ పేజీని రాకుండా చేయగలదు. అలాంటి చోట్ల లాగిన్ పేజీ రాకపోతే ఎస్ లేని హెచ్‌టీటీపీ చిరునామా ఏదైనా తెరవండి. తాళం గుర్తున్న పేజీలను దారి మళ్లించడం కుదరదు కాబట్టి అవి ఊరికే ఆగిపోతాయి.

అన్ని పింగ్‌లూ బాగున్నా ప్రతి పేజీ సర్టిఫికెట్ తప్పంటోందా? గడియారం చూడండి. ఒక ఉపాధ్యాయురాలు తన పాత లాప్‌టాప్ తెచ్చారు, అందులో తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి ఉంది. మదర్‌బోర్డు మీదున్న నాణెం బ్యాటరీ అయిపోయింది, ఆపినప్పుడల్లా తేదీ చెరిగిపోతోంది. సర్టిఫికెట్‌కు మొదలు తేదీ, ఆఖరు తేదీ ఉంటాయి. లాప్‌టాప్ లెక్కలో ఆ మొదలు తేదీ ఇంకా రాలేదు. ముందు తేదీ సరిచేశాం, తర్వాత బ్యాటరీ మార్పించారు, అంతే.

కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో నిలిచిపోతుంటే ఎంటీయూను, అంటే ఒక్కో ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్ల అంకెను, అనుమానించండి. పీపీపీఓఈ లైన్ల మీద అది 1500కు బదులు 1492 ఉండాలి. ఇది అరుదు, మిగిలినవన్నీ చూశాకే ఇక్కడికి రండి.

వచ్చి వచ్చి పోయే వైఫై

"ఐడబ్ల్యూ డెవ్" అని కొట్టి కార్డు పేరు, దాని పక్కన "లింక్" ఇవ్వండి. సిగ్నల్ అన్న చోట మైనస్ అంకె ఉంటుంది. మైనస్ 50 దగ్గరుంటే చాలా బాగుంది, మైనస్ 67 దాకా వీడియో కాల్‌కు ఇబ్బంది ఉండదు, మైనస్ 80 అయితే తెగుతూ ఉంటుంది. రూటర్‌ను స్టీలు బీరువా వెనకో, అటక మీద సామాన్ల మధ్యో పెట్టి లాప్‌టాప్‌ను తిట్టడం న్యాయం కాదు. దాన్ని ఎత్తుగా, తెరపిగా, ఇంటి మధ్యలో పెట్టండి. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద రద్దీ ఎక్కువ. అక్కడ ఒకదానితో ఒకటి ఒరుసుకోని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఆ పరిధిలోనే. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గాని రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. లాప్‌టాప్ కార్డు 2.4 మాత్రమే అందుకునేదైతే 5 గిగాహెర్ట్జ్ పేరు దానికి కనిపించదు, అదే ఫోన్‌లో కనిపిస్తుంది. దాన్ని డ్రైవర్ లోపం అనుకోకండి.

సిగ్నల్ బాగుండి కూడా నిమిషానికోసారి తడబడితే పవర్ సేవింగ్‌ను చూడాలి. బ్యాటరీ మిగల్చడానికి కార్డు మధ్యమధ్యలో కునుకు తీస్తుంది, కొన్ని చిప్పులు సరిగ్గా మేలుకోవు. "ఐడబ్ల్యూ డెవ్", కార్డు పేరు, "సెట్ పవర్ సేవ్ ఆఫ్" అని సుడోతో కొట్టండి. పవర్, సేవ్ మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోర్ పెట్టాలి. ఇది రీస్టార్ట్‌తో పోయే మార్పు కాబట్టి పరీక్షకు బాగుంటుంది. అరగంట వాడి చూసి, తేడా కనిపిస్తేనే శాశ్వతం చెయ్యండి. ఉబుంటులో నెట్‌వర్క్ మేనేజర్ కాన్ఫ్ డాట్ డి ఫోల్డర్‌లో వైఫై పవర్‌సేవ్ ఫైలు ఉంటుంది, అందులో 3 ఉన్న చోట 2 పెడితే చాలు.

ఇవన్నీ చూసినా దారి దొరక్కపోతే అడగండి, అడగడంలో చిన్నతనం లేదు. కానీ "నెట్ రావట్లేదు, ప్లీజ్ హెల్ప్" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. కార్డు పేరు, కెర్నల్ సంఖ్య, ఎనిమిది ప్రశ్నల్లో ఎన్నోదాని దగ్గర ఆగిపోయిందో, "జర్నల్‌సీటీఎల్"లో నెట్‌వర్క్ మేనేజర్ రాసిన ఆఖరి ఇరవై వరుసలు ఇవ్వండి. వైఫై పాస్‌వర్డూ మ్యాక్ అడ్రసూ అందులో ఉంటే ముందు చెరిపేయండి.

ఒక పని మాత్రం ఈ రోజే, నెట్ పనిచేస్తుండగానే చెయ్యండి. "ఎల్ఎస్‌పీసీఐ అడ్డగీత కె" కొట్టి, నెట్‌వర్క్ కంట్రోలర్ పేరూ దాని డ్రైవర్ పేరూ ఒక చీటీ మీద రాసి లాప్‌టాప్ అడుగున అతికించండి. మీ ఫైళ్ల నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఆ పెన్‌డ్రైవ్‌ను లాప్‌టాప్ సంచిలో కాకుండా వేరే చోట ఉంచండి.